పరదేశమే పుట్టిల్లుగా: సోదరి నివేదిత

సముద్రము దాటి పరదేశముల కేగుట నేడు తెలుగువారి ఇండ్లలో వింత కాదు. చదువు కొరకై కొందరు, ఉద్యోగము కొరకై కొందరు వెళ్లి, అక్కడనే ఇల్లు కట్టుకొని స్థిరపడుచున్నారు. వెళ్లువారి పెట్టెలో అమ్మ పెట్టిన ఆవకాయతోపాటు ఏడుకొండలవాని పటమొకటి తప్పక ఉండును. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున 1970వ దశకములో వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయము ఆ పటముల వెనుకనున్న భక్తికి నిదర్శనము. ఐనను సంవత్సరములు గడచినకొలది వారి మనస్సులలో ఒక ప్రశ్న మెదలుచునే యుండును. ఇల్లు కట్టుకొన్నంతమాత్రమున ఆ నేల మనదగునా? ఏమి చేసినచో పరాయి నేల స్వంతమగును?

ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా నిచ్చిన మహనీయురాలు సోదరి నివేదిత. మనవారు పడమటికి వెళ్లుచుండగా ఆమె పడమటినుండి మన దేశమునకు వచ్చెను. ధనము సంపాదించుటకు రాలేదు. అధికారము చెలాయించుటకు రాలేదు. తన మతములోనికి మనలను త్రిప్పుకొనుటకును రాలేదు. ఇచ్చుటకే వచ్చి, ఇచ్చుట ముగియగానే ఈ మట్టిలోనే కలిసిపోయెను. భారతభూమిపై ఆమె గడిపిన కాలము పదునాలుగేండ్లకు లోపే. అందును కొన్ని యేండ్లు ప్రయాణములలో గడచెను. ఐనను ఈ దేశము ఆమెను అతిథిగా గాక ఆడపడుచుగా తలచుచున్నది. అది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనుట మనకు మేలు చేయును.

తల్లి మ్రొక్కు

ఆమె పూర్వనామము మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. 1867 అక్టోబరు 28వ తేదీన ఐర్లండు ఉత్తరభాగమందలి డంగానన్ పట్టణములో జన్మించెను. తండ్రి శామ్యూల్ నోబుల్ క్రైస్తవ మతబోధకుడు. తొలి కానుపునకు భయపడిన తల్లి మేరీ, బిడ్డ క్షేమముగా పుట్టినచో భగవంతుని సేవకే అర్పింతునని మ్రొక్కుకొనెనట. ఏ దేశమైన నేమి, తల్లి హృదయ మొక్కటే గదా! మన ఇండ్లలోను సంకటము వచ్చినపుడు బిడ్డను స్వామి పాదముల చెంత పెట్టి మ్రొక్కుకొను తల్లులు ఎందరో కలరు. కాని ఆ మ్రొక్కు ఏ సముద్రమునకు ఆవలనున్న ఏ దేవుని సన్నిధిలో చెల్లనున్నదో పాపము ఆ తల్లికి అప్పుడు తెలియదు.

మార్గరెట్‌కు పదేండ్లు నిండు నాటికి తండ్రి ముప్పది నాలుగేండ్ల ప్రాయములోనే కాలధర్మము నొందెను. తన కుమార్తెకు భగవంతుని పిలుపు వచ్చిననాడు అడ్డు చెప్పవలదని ఆయన అవసానకాలమున భార్యను కోరెనని చెప్పుదురు. ఆమె సోదరితో కూడ హాలిఫాక్స్ నగరములో కఠిననియమములుగల పాఠశాలలో చదివి, 1884లో, అనగా పదునేడేండ్ల వయస్సులోనే, కెస్విక్ పట్టణమున ఉపాధ్యాయిని యయ్యెను. పిదప గనికార్మికులు నివసించు రెక్సామ్ పట్టణములో పనిచేయుచు, పేదల వాడలకు తానే వెళ్లి వారి కష్టసుఖములు విచారించుచుండెను. తదుపరి లండను సమీపమునగల వింబుల్డన్‌లో స్వంతముగా పాఠశాలను స్థాపించెను. పిల్లలను బెత్తముతో గాక ఆటపాటలతో తీర్చిదిద్దవలెనను పెస్టలోజీ, ఫ్రోబెల్ అను విద్యావేత్తల మార్గమును ఆమె అనుసరించెను. పండితులు, రచయితలు ఆమెను గౌరవించుచుండిరి.

ఇంత పేరు వచ్చినను మనస్సునకు శాంతి కలుగలేదు. చిన్ననాడు నేర్చిన మతసిద్ధాంతములపై సందేహములు పుట్టెను. సత్యమును వదలి కేవలము ఆచారమును పట్టుకొనుట ఆమెకు చేతకాలేదు. బుద్ధభగవానుని చరిత్రను చదివి కొంత ఊరట పొందెను గాని దాహము తీరలేదు.

గురుదర్శనము

1895 నవంబరు మాసములో లండనులోని ఒక ప్రభువంశీయురాలి గృహమున వివేకానందస్వామి పదిపదునైదు మందిని ఎదుట కూర్చుండబెట్టుకొని వేదాంతప్రసంగము చేయుచుండిరి. ఆ కొలదిమందిలో మార్గరెట్ ఒకతె. కాషాయవస్త్రములు ధరించి, నడుమ నడుమ శివనామము నుచ్చరించుచున్న ఆ యువసన్న్యాసి మాటలలో క్రొత్త యేమియు లేదని ఆమె తొలుత తలచెను. ఇంటికి వెళ్లిన పిదప ఆ మాటలు వెంటాడసాగెను. ఆమె సులభముగా తలవంచు స్వభావము కలది కాదు. వినినదానినెల్ల ప్రశ్నించెను, వాదించెను, తర్కించెను. స్వామీజీకిని అట్టి శిష్యులే ఇష్టులు. తర్కము తుదముట్టిన చోటనే శ్రద్ధ మొలకెత్తినది. తన దేశమందలి స్త్రీల విద్యకై కొన్ని సంకల్పములు కలవనియు, అందు ఆమె తోడ్పడగలదనియు స్వామీజీ సూచించిరి. తండ్రి ఏ పిలుపును గూర్చి చెప్పెనో ఆ పిలుపు ఇదియే యని ఆమెకు తోచెను.

పిలిచినవారు దారిలోని ముండ్లను దాచలేదు. 1897 జూలైలో అల్మోరానుండి వ్రాసిన లేఖలో స్వామీజీ అన్ని కష్టములను ఏకరువు పెట్టిరి. ఇచ్చటి దారిద్ర్యము, మూఢవిశ్వాసములు, అంటరానితనము ఆమె ఊహించలేనంత భయంకరములు. ఎండలు దుర్భరములు. పట్టణములు దాటినచో ఐరోపావారి సౌకర్యములేవియు దొరకవు. తెల్లవారు ఆమెను పిచ్చిదాని క్రింద జమకట్టుదురు. భారతీయులు దగ్గరకు రానీయక దూరముగా నుంచుదురు. ఇవన్నియు తెలిసియు రాదలచినచో రావలసినదనియు, ఆమె విజయము పొందినను, విఫలురాలైనను, వేదాంతమునే విడచినను, తాము మాత్రము కడదాక ఆమె పక్షమున నిలుతుమనియు వాగ్దానము చేసిరి.

పరదేశమునకు పిలుచువారు సాధారణముగా అచ్చటి సుఖములను వర్ణింతురు. స్వామీజీ కష్టములను మాత్రమే వర్ణించిరి. ఆ లేఖ చదివియు వెనుదీయకపోవుటలోనే మార్గరెట్ యొక్క యోగ్యత తెలియుచున్నది. విధవయైన తల్లిని, చెల్లెలిని, తమ్ముని, తాను పెంచిన పాఠశాలను విడచి ఆమె మొంబాసా అను ఓడ నెక్కెను. 1898 జనవరి 28వ తేదీన ఓడ కలకత్తా రేవు చేరెను. స్వామీజీ స్వయముగా రేవునకు వచ్చి ఆమెకు స్వాగతము పలికిరి.

శ్రీమాత అంగీకారము

ఒక ఇంటికి క్రొత్తగా వచ్చిన కోడలిని అత్తగారు ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టినపుడే ఆ ఇల్లు ఆమె దగును. మార్గరెట్‌కు ఆ భాగ్యము 1898 మార్చి 17వ తేదీన లభించెను. ఆనాడు ఆమె మరి ఇరువురు పాశ్చాత్య మహిళలతో కూడ శ్రీరామకృష్ణ పరమహంసగారి ధర్మపత్నియగు శారదామాతను దర్శించెను. శారదామాత పల్లెటూరి బ్రాహ్మణకుటుంబమునకు చెందిన వితంతువు. ఆ కాలపు కలకత్తాలో అట్టివారు విదేశీయుల స్పర్శనే మైలగా భావించుచుండిరి. అట్టిది ఆ తల్లి వారిని బిడ్డలుగా పిలిచి, వారితో కూడ ఫలాహారమును స్వీకరించిరి. స్వామీజీ సైతము ఈ వార్త విని ఆశ్చర్యమును, ఆనందమును పొందిరి. ఒకరి భాష ఒకరికి రాకున్నను హృదయములు మాటలాడుకొనెను. నాటినుండి శారదామాత ఆమెను ఖూకీ యని, అనగా చిట్టితల్లి యని, పిలుచుచుండిరి.

ఎనిమిది దినముల పిదప, మార్చి 25న, స్వామీజీ ఆమెచే శివపూజ చేయించి, బుద్ధభగవానుని పాదములపై పుష్పముల నుంచజేసి, బ్రహ్మచర్యదీక్ష నొసగి నివేదిత యని నామకరణము చేసిరి. నివేదింపబడినది యని ఆ నామమున కర్థము. భక్తిమార్గములు తొమ్మిదింటిలో శ్రవణము మొదటిది, ఆత్మనివేదనము చివరిది. చివరి మెట్టు పేరునే స్వామీజీ ఆ శిష్యురాలికి మొదటిదినముననే ఇచ్చిరి. పేరు పెట్టుట ఒక్క క్షణము. ఆ పేరునకు తగినట్లు బ్రతుకుట జీవితకాలపు తపస్సు.

రెండు దేశముల నడుమ

తపస్సు వెంటనే ఆరంభమయ్యెను. దీక్షానంతరము స్వామీజీ ఒకనాడు ఆమెను, ఇపుడు నీవు ఏ దేశమునకు చెందినదానవని అడిగిరి. ఆంగ్లేయుల పతాకముపట్ల తనకు గల గౌరవమును, భక్తిని ఆమె దాపరికము లేక చెప్పెను. మన భక్తులు ఇష్టదైవమునెడ చూపు భక్తివంటిది అది. స్వామీజీకి పరిస్థితి అర్థమయ్యెను. శరీరము సముద్రమును దాటినది గాని మనస్సు ఇంకను ఆ యొడ్డుననే యున్నది.

ఆ వేసవిలో స్వామీజీ తమ పాశ్చాత్యశిష్యులను నైనీతాలు, అల్మోరాలమీదుగా కాశ్మీరమునకు తీసికొని వెళ్లిరి. అల్మోరాలో ప్రతి ఉదయము వారు ఆమె అభిప్రాయములను ఖండింపసాగిరి. తెలియకనే ఆమె ప్రతి విషయమును తన దేశపు కొలబద్దతో కొలుచుచున్నదని ఎత్తిచూపిరి. స్నేహపూర్వకమైన మార్గదర్శిని ఆశించి వచ్చిన ఆమెకు నిర్దయుడగు పరీక్షకుడు ఎదురైనట్లు తోచెను. బాధతో లోలోన కుమిలిపోయెను. ఐనను తిరిగిపోవలెనను తలంపు కలుగలేదు. తుదకు తోడివారిలో పెద్దయగు ఒక మహిళ కలుగజేసికొని స్వామీజీతో ఆమె బాధను గూర్చి చెప్పెను. ఆ సాయంకాలము నెలవంక కనబడుచుండగా స్వామీజీ వచ్చి, మోకరిల్లిన శిష్యురాలి తలపై చేయి యుంచి ఆశీర్వదించిరి. ఆనాటితో ఆమెలోని పాత మార్గరెట్ తొలగిపోయి నివేదితకు చోటిచ్చెను. స్వరూపానందస్వామివద్ద ఆమె వంగభాషను, భగవద్గీతను అభ్యసించెను.

పరదేశమున స్థిరపడగోరువారు ఈ ఘట్టమును శ్రద్ధగా గమనింపవలెను. వేషము మార్చుట సులభము. ఆహారము మార్చుటయు అసాధ్యము కాదు. కాని మన ఊరి తూకపురాళ్లతో పొరుగూరి ధాన్యమును కొలుచు అలవాటు మానుట మిక్కిలి కష్టము. నివేదిత ఆ అలవాటును కన్నీళ్లతో మానుకొనెను.

ఆ యేడు ఆగస్టులో ఆమె స్వామీజీ వెంట అమరనాథయాత్ర చేసెను. యాత్రికుల నడుమ విదేశీయురాలి గుడారము నుంచుటకు కొందరు సాధువులు అభ్యంతరము చెప్పగా స్వామీజీ గుడారములను వేరుచోటికి మార్పించిరి. పిదప ఆమెచే సాధువులకు దానములు చేయించి వారి ఆశీస్సు లిప్పించిరి. గుహలోని మంచులింగమును చూచి స్వామీజీ పరవశులైరి. తనకు అట్టి యనుభూతి కలుగలేదని ఆమె చిన్నబుచ్చుకొనగా, యాత్ర చేసినావు గనుక దాని ఫలము కాలక్రమమున దానంతట అదే కలుగునని వారు ఓదార్చిరి.

బోసుపాడా సందులో

కలకత్తా ఉత్తరభాగమున బాగ్‌బజారు అను పేట కలదు. ఛాందసులగు హిందూకుటుంబముల నివాసమది. తెల్లవారి బంగళాలు గల చౌరంగీ ప్రాంతమును వదలి నివేదిత ఈ పేటలో కాపురముండ నిశ్చయించెను. విదేశీయురాలికి ఇల్లు అద్దెకిచ్చువారు దొరకుట కష్టమయ్యెను. కొన్నాళ్లు శారదామాత తమ ఇంటనే ఆశ్రయమిచ్చిరి. తుదకు బోసుపాడా సందులో 16వ నంబరు ఇల్లు దొరికెను. పాత ఇల్లు, చిన్న గదులు, వేసవిలో చెప్పరాని ఉక్క. ఆ ఇంటిలోనే 1898 నవంబరు 13న, కాళీపూజ దినమున, శారదామాత స్వహస్తములతో పూజ చేసి బాలికల పాఠశాలను ప్రారంభించిరి.

ఆడపిల్లలను బడికి పంపుట పాపమని తలచు కాలమది. నివేదిత ఇంటింటికి వెళ్లి తల్లులను, అవ్వలను బ్రతిమాలి పిల్లలను తెచ్చుకొనెను. చదువు, వ్రాతలతోపాటు కుట్టుపని, చిత్రలేఖనము, మట్టిబొమ్మలు చేయుట నేర్పెను. ఆంగ్లపద్ధతులను తెచ్చి వారిపై రుద్దలేదు. పూజాదినములు, వ్రతములు, రామాయణ భారతకథలు ఆ బడిలో పాఠములయ్యెను. ఒకనాడు భారతదేశపు రాణి యెవరని అడుగగా పిల్లలు ఇంగ్లండు రాణి విక్టోరియా పేరు చెప్పిరట. నివేదిత నొచ్చుకొని, భారతదేశమునకు నిత్యరాణి సీతాదేవి యని వారికి నేర్పెనని చెప్పుదురు. ఏడాది క్రితము ఆంగ్లపతాకమునకు మ్రొక్కిన మనస్సే ఆ మాట చెప్పినదని తలచినపుడు మన కన్నులు చెమ్మగిల్లకమానవు.

1899లో కలకత్తాలో ప్లేగువ్యాధి వ్యాపించెను. జనులు భయముతో పారిపోవుచుండిరి. రామకృష్ణమఠపు సేవాకార్యమును నివేదిత, సదానందస్వామి నడిపిరి. వీధులలోని చెత్త నెత్తువారు చాలకున్నపుడు ఆమెయే చీపురు పట్టి ఊడ్వసాగెను. అది చూచి సిగ్గుపడిన ఆ పేట యువకులు చీపుళ్లు పట్టిరి. డాక్టరు రాధాగోవిందకర్ ఒక గుడిసెలోని రోగిబాలుని చూడబోయి, ఆ తడినేలపై కూర్చుండి బిడ్డను ఒడిలో నుంచుకొని యున్న నివేదితను చూచిరి. తల్లిలేని ఆ పసివాడు ఆమెనే తల్లి యనుకొని, అమ్మా యని పిలుచుచు, ఆమె ఒడిలోనే కన్నుమూసెను. గుడిసెకు తానే సున్నము కొట్టి శుభ్రపరచెను. ఏ పేట ఇల్లు అద్దెకిచ్చుటకు జంకినదో ఆ పేట ఆమెకు తలుపులు తెరచినది.

ఆ సంవత్సరముననే ఫిబ్రవరిలో ఆల్బర్టు హాలునందును, మే మాసమున కాళీఘాట్ ఆలయమునందును ఆమె కాళీతత్త్వమును గూర్చి ఉపన్యసించెను. ఆలయమున జరిగిన సభలో అందరును పాదరక్షలు విడచి నేలపై కూర్చుండవలెననియు, ఐరోపావారికిని మినహాయింపు లేదనియు నియమము పెట్టిరి. సముద్రము దాటి వచ్చిన స్త్రీ మన దేవతను గూర్చి మనవారికి బోధించుట ఆనాటికి అపూర్వము.

గురువు లేని కాలము

పాఠశాలకు ధనము చాలనందున 1899 జూన్‌లో ఆమె స్వామీజీతోను, తురీయానందస్వామితోను కూడ పడమటికి పయనమయ్యెను. వారెక్కిన ఓడ మన గోలకొండ పేరు ధరించినది. ఆ ఓడ మద్రాసు రేవున ఆగినపుడు ప్లేగు నిబంధనలవలన ఎవరిని దిగనీయలేదు. స్వామీజీని చూడవచ్చిన భక్తులు ఓడ ప్రక్కకు పడవలలో వచ్చి దర్శించుకొనిరి. ఆరువారముల ఆ సముద్రయానమున స్వామీజీ చెప్పిన విషయములు ఆమెకు జీవితమంతకును పాథేయములయ్యెను. ఇంగ్లండు, అమెరికా దేశములలో ఉపన్యాసములిచ్చి ధనము సేకరించి 1902 ఆరంభమున ఆమె తిరిగి వచ్చెను. స్వదేశమునకు వెళ్లినది ఆమెకు ప్రయాణము; కలకత్తాకు వచ్చుటయే ఇంటికి వచ్చుట యయ్యెను.

1902 జూలై 2న ఆమె బేలూరు మఠమునకు వెళ్లగా, ఏకాదశీ వ్రతములో నున్న స్వామీజీ స్వయముగా ఆమెకు వడ్డించి, భోజనానంతరము చేతులపై నీరు పోసి తుడిచిరి. శిష్యురాలు చేయవలసిన సేవను గురువు చేయుటేమని ఆమె వారింపగా, ఏసుక్రీస్తు శిష్యుల పాదములు కడిగిన సంగతిని వారు జ్ఞాపకము చేసిరి. అది క్రీస్తు అంత్యకాలమున జరిగిన సంఘటన యని ఆమెకు తోచినను, ఆ మాట పైకి రాలేదు. రెండు దినములకు, జూలై 4న, స్వామీజీ మహాసమాధి చెందిరి. ఎవరి మాట నమ్మి దేశము విడచి వచ్చినదో ఆ గురువు లేకపోయిరి. అప్పుడామెకు ముప్పదినాలుగేండ్లు. తిరిగి వెళ్లదలచినచో ఎవరును తప్పుపట్టియుండరు.

ఆమె తిరిగి వెళ్లలేదు. అంతకంటె కఠినమైన మరియొక పరీక్ష ఎదురయ్యెను. దేశస్వాతంత్ర్య విషయమున ఆమె మౌనము వహింపజాలదు. మఠమునకో, రాజకీయములతో సంబంధముండరాదను నియమము కలదు. తనవలన మఠమునకు కీడు రాకూడదని, ఆ నెలలోనే ఆమె తన కార్యములతో మఠమునకు సంబంధము లేదని పత్రికలలో ప్రకటించెను. గురుదేవులు నిర్మించిన గృహము గడపను తానై దాటవలసివచ్చుట ఎంతటి వేదనయో మనమూహింపవచ్చును. ఐనను సన్న్యాసులతో ఆమెకు గల స్నేహము, శారదామాతయెడ గల భక్తి లేశమును తగ్గలేదు. తన పేరునకు ముందు రామకృష్ణ వివేకానందుల నివేదిత యని వ్రాసికొనుచుండెను.

ధర్మము కొరకై లంకను విడచి సముద్రము దాటి వచ్చిన విభీషణుని తొలుత వానరవీరులు శంకించిరి. నివేదితకు రెండువైపులనుండియు శంక తప్పలేదు. పోలీసులు ఆమె ఉత్తరములను విప్పి చదువుచుండిరి. తెల్లవారు ఆమెను వెలివేసినట్లే చూచిరి. 1905 ఫిబ్రవరిలో కలకత్తా విశ్వవిద్యాలయపు స్నాతకోత్సవమున రాజప్రతినిధి కర్జను ప్రభువు, సత్యమును గౌరవించుట పాశ్చాత్యుల సొత్తన్నట్లు ప్రసంగించి ప్రాగ్దేశీయులను కించపరచెను. అతడు వ్రాసిన గ్రంథములోనే, కొరియాలో తన వయస్సును గూర్చి అసత్యమాడినట్లు అతడే వ్రాసికొన్న భాగమును ఆమె వెదకి తీసి పత్రికలో ప్రకటింపజేసెను. విభీషణునకు తుదకు లంకారాజ్యము దక్కెను. నివేదిత ఏ రాజ్యమును కోరలేదు. ఆమెకు దక్కినది బోసుపాడా సందులోని ఆ చిన్న ఇల్లే.

ఐనను ఆ ఇల్లు ఎందరికో తీర్థమయ్యెను. అమెరికానుండి వచ్చిన సోదరి క్రిస్టీన్ 1903లో పాఠశాల కార్యమున తోడయ్యెను; పిల్లలేగాక గృహిణులును మధ్యాహ్నవేళ వచ్చి చదువుకొనసాగిరి. పరమహంసగారిని బాలగోపాలునిగా కొలిచిన గోపాలునితల్లి యను వృద్ధవితంతువు, ఆచారపరురాలగు బ్రాహ్మణస్త్రీ, తన చివరి దినములను నివేదిత ఇంటనే గడిపి 1906లో దేహము చాలించెను. మడి ఆచారములకు పేరుపడిన వృద్ధురాలు విదేశీయురాలి ఇంట, ఆమె సేవలో చివరి దినములు గడుపుటకు అంగీకరించెనన్నచో, ఆ ఇంటిలోని శౌచము ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

శాస్త్రజ్ఞుడగు జగదీశచంద్రబోసు గ్రంథరచనలో ఆమె రాత్రింబవళ్లు తోడ్పడెను. చిత్రకారులగు అవనీంద్రనాథ టాగూరు, నందలాల్ బోసులను భారతీయకళామార్గమున ప్రోత్సహించెను. అజంతా చిత్రములకు ప్రతులు వ్రాయుటకు యువచిత్రకారులను పంపించెను. 1904లో ఆమె వెలువరించిన భారతీయ జీవనమును గూర్చిన గ్రంథము మన గృహస్థధర్మములోని సౌందర్యమును పాశ్చాత్యులకు తెలియజేసెను. 1910లో గురుదేవుల జీవితమును తాను చూచినట్లుగా గ్రంథస్థము చేసెను. 1906లో తూర్పువంగమున వరదలు, కరవు సంభవించినపుడు నీటిలో, బురదలో ఊరూర తిరిగి సేవచేసి తీవ్రజ్వరమునకు లోనయ్యెను. ఆ జ్వరమునుండి ఆమె దేహము పూర్తిగా కోలుకొనలేదు. రవీంద్రనాథ టాగూరు ఆమెను లోకమాత యని కీర్తించిరి.

1909 జనవరిలో కన్నతల్లి ఇంగ్లండులో మరణించెను. అంత్యకాలమున నివేదిత ఆమె చెంతనే యుండెను. బిడ్డను భగవంతునకిత్తునని మ్రొక్కుకొన్న ఆ తల్లి మ్రొక్కు చెల్లిన సంగతిని కన్నులార చూచి వెళ్లిపోయెను.

తుది యాత్ర

1910 వేసవిలో నివేదిత బోసు దంపతులతో కూడ కేదారనాథ, బదరీనాథ యాత్ర చేసెను. పండ్రెండేండ్ల క్రితము అమరనాథ మార్గమున ఆమె గుడారమును దూరముగా జరుపవలసివచ్చెను. ఈసారి ఆమె యాత్రికులలో యాత్రికురాలై, ముసలి అవ్వలతో కూడ కొండలెక్కి, వారి ముఖములలోని భక్తిని చూచి తానును ధన్యత నొందెను. అమరనాథయాత్రాఫలము కాలక్రమమున కలుగునన్న గురువాక్యము ఇట్లు సత్యమయ్యెను.

1911 అక్టోబరులో విశ్రాంతికై డార్జిలింగు వెళ్లినపుడు ఆమెకు రక్తగ్రహణి సోకెను. అంత్యకాలము సమీపించినదని గ్రహించి, తనకున్న కొలది ధనమును, గ్రంథములపై వచ్చు ఆదాయమును, భారతీయస్త్రీలకు జాతీయవిద్య నొసగుటకు వినియోగింపవలసినదిగా బేలూరు మఠపు ధర్మకర్తల పేర వీలునామా వ్రాసెను. తానై గడప దాటి వచ్చిన ఇంటికే సర్వస్వమును పంపెను. అక్టోబరు 13వ తేదీ ప్రాతఃకాలమున ఆమె ఆత్మ పరమాత్మలో లీనమయ్యెను. నలుబదినాలుగేండ్లు నిండుటకు ఇంకను పదునైదు దినములుండెను. హిమాలయపాదమున హిందూసంప్రదాయానుసారముగా దహనసంస్కారములు జరిగెను. అచ్చట నిర్మించిన సమాధిపై, భారతదేశమునకు తన సర్వస్వము నిచ్చిన నివేదిత ఇచట విశ్రమించుచున్నదను భావమును చెక్కిరి.

ఆమె బడి నేటికిని నడచుచున్నది. ఆమె తుదిశ్వాస విడచిన డార్జిలింగులోని రాయ్ విల్లా 2013లో రామకృష్ణమిషన్ అధీనమునకు వచ్చి సేవాకేంద్రమైనది. 1917లో జగదీశచంద్రబోసు స్థాపించిన విజ్ఞానమందిరపు ప్రవేశమున దీపము చేతబట్టిన స్త్రీమూర్తి ఆమె స్మృతికై నిలుపబడినది.

మనము స్వామికి నైవేద్యము పెట్టుదుము. పెట్టకముందు అది మన వంట. పెట్టిన పిదప మనదని చెప్పజాలము. కాని ఆ నైవేద్యమే ప్రసాదమై మరల మన చేతికి వచ్చును. నివేదిత తన దేశాభిమానమును, తన పేరును, తన ఆరోగ్యమును, తుదకు ప్రాణమును నివేదించెను. ఆమెకు ప్రసాదముగా లభించినది ఒక దేశము. పరదేశమున కాలుమోపిన మన బిడ్డలకు ఆమె చరిత్ర చెప్పునది ఇదియే: ఒక నేలనుండి ఎంత పుచ్చుకొంటిమను లెక్కవలన ఆ నేల మనది కాదు, ఎంత ఇచ్చితిమను దానివలననే అగును. ఉన్న ఊరివారి రోగమునకు చీపురు పట్టినచోట, వారి బిడ్డను ఒడిలోనికి తీసికొన్నచోట, వారి కొలతతో వారిని చూడనేర్చినచోట పరాయితనము కరగిపోవును. తాము వెళ్లిన దేశమున తమ దైవమునకు కోవెల కట్టుకొనుట ధన్యము; ఆ కోవెల గోడకు ఆవలనున్న పొరుగువానిలోను ఆ దైవమునే చూచి సేవించుట దానికి పరిపూర్తి. అట్టి సద్బుద్ధిని, సముద్రములన్నిటికి ఆవలను ఈవలను నిండియున్న ఆ పరమాత్ముడు మనకెల్లరకు ప్రసాదించుగాక!